గాలి వచ్చే దిక్కున మా చిన్నాయన

ఆ పొద్దు మామూలు పొద్దే. వనపర్తిలో మా వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు గీతల ముగ్గు వేశాను. పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి సన్న మంట మీద పెట్టాను. గోడ పక్కన నందివర్ధనం చెట్టు కిందికి పోయి పూలు కోసుకున్నాను. చలి వెనక్కి తగ్గే రోజులు. ఆకుల మీద మంచు తడి అప్పటికే లేదు. దీపం వెలిగించి కూర్చున్నాను. పక్క మిద్దె మీద ఎవరో దుప్పటి దులుపుతున్న చప్పుడు. దేవుని ముందు కూర్చున్నా, ఆడవాళ్ల మనసులో ఒక మూల పాలు కాగుతూనే ఉంటాయి.

ఫోన్ మోగింది. పూజ వేళ నాకు ఎవరూ ఫోన్ చేయరు. ఊరి నుంచి మా తమ్ముడు.

"అక్కా."

"చెప్పు."

"చిన్నాయన పోయిండక్కా."

మిగతాది కూడా వాడే చెప్పాడు. "చాయ్ అడిగిండు. చిన్నమ్మ వాకిట్ల పొయ్యి ముట్టిచ్చింది. చాయ్ పోసుకొని పోయేసరికి అయిపోయిండు. మంచంల కూసునే ఉండు."

"బాధ పడ్డడా?"

"లేదు. అడివి దిక్కు సూసుకుంట ఉండు."

పాలు దించాను. దీపాన్ని అలాగే వెలగనిచ్చి బయలుదేరాను. బస్సులో కూర్చుని ఆ పొద్దంతా మళ్లీ తిరగేసి చూసుకున్నాను. ఏ శకునమూ కనపడలేదు. పువ్వు రాలలేదు, దీపం ఆరలేదు. ఆయన పోయిన తీరు కూడా ఆయన నడిచిన తీరే అనుకున్నాను. ఎండుటాకు చప్పుడు కూడా కాలేదు.

చిన్నాయన అంటే మా నాయిన తమ్ముడు. లింగాల దాటి, అడవి అంచున ఉన్న ఊరు మాది. మా చేను ఆఖరి గట్టు దిగితే సర్కారు అడవి మొదలవుతుంది. మా నాయిన తొందరగా పోయాడు. ఆ తర్వాత మా మంచిచెడ్డలు చూసింది చిన్నాయనే. ఆయన గురించి పది మందికి చెప్పుకునే గొప్పలు ఏమీ లేవు. బడికి పోలేదు. పదవి చేయలేదు. ఆయనకు దుప్పులు తెలుసు. అంతే. కాని ఒక మనిషికి ఒక్కటి అంతగా తెలియడం ఎట్లా ఉంటుందో దగ్గరుండి చూశాను కనుక, మీకు చెప్పాలనిపించింది.

నాకు జ్ఞానం రాకముందు మా ఊళ్లో ఏడాది చివరి వేట అని ఒకటి ఉండేది. ఉగాది ముందర, చెట్లు ఆకు రాల్చి, వాగులు ఎండిన రోజుల్లో మగవాళ్లు అడవికి పోయేవాళ్లు. చిన్నాయన దగ్గర వాళ్ల నాయిన కాలపు బర్మార్ తుపాకి ఉండేది. మందు కూరి, గుండు వేసి పేల్చే పాత తుపాకి. తర్వాత చట్టం వచ్చింది. వేట బంద్ అన్నారు. చిన్నాయన తుపాకిని గొంగడిలో చుట్టి తీసుకుపోయి ఠాణాలో ఇచ్చేశాడు. గొంగడి మాత్రం వెనక్కి తెచ్చుకున్నాడు.

అయితే వేట మానలేదు. ఇదే మా ఇంటి విడ్డూరం. ప్రతి ఏడూ ఉగాది ముందర, చేతిలో ఏమీ లేకుండా, పాత పద్ధతంతా పాటించి వేటకు పోయేవాడు. గాలి చూసుకునేవాడు. దాక్కునేవాడు. కదలకుండా కూర్చునేవాడు. దుప్పి తుపాకి గుండుకు అందేంత దగ్గరికి కాదు, అది నమిలే చప్పుడు వినపడేంత దగ్గరికి రావాలి. అప్పుడు గొంగడి కింద నుంచి చూపుడు వేలు చాపి నేలకు తాకించేవాడు. అక్కడికి వేట ముగిసినట్టు.

"తుపాకి లేని వేట ఏందయ్యా, సిగ్గులేక?" అనేది చిన్నమ్మ.

"తుపాకి పోయింది గాని కాళ్లు పోలే గదనే" అనేవాడు.

నా పెళ్లికి ముందు ఒక ఏడు నేనూ వస్తానన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయన నన్ను కిందికి మీదికి చూశాడు.

"పట్టీలు తియ్యాలె."

"తీస్త."

"తలకు నూనె వద్దు. పూలు వద్దు. సబ్బు ముట్టద్దు."

"సరే."

"ఇంగొకటి. రేపు పొద్దున దీపం ముట్టియ్యద్దు. నీ అగరుబత్తి వాసన శ్రీశైలం దాక పోతది బిడ్డా. దేవునికి ఒక్కరోజు సెలవియ్యి."

అప్పటికే నాకు పూజ తప్పితే తోచేది కాదు. చిన్నమ్మ వైపు చూశాను. "నన్నెందుకు సూస్తవ్? ఇద్దరు పిచ్చోళ్ల నడుమ నేనెందుకు?" అంది ఆమె. దేవునికి మనసులోనే చెప్పుకుని సెలవిచ్చాను.

తెల్లవారగానే బయలుదేరాం. ఊరి మనుషులు కట్టెలకు పోయే బండ్ల బాట ఉంది. ఆయన ఆ బాట పట్టలేదు. ఎండిన వాగులోకి దిగాడు. ఇసుకలో నడక. కాళ్లు దిగబడుతుంటే అలసట వచ్చింది. "బాట మీద పోవచ్చు గదా" అన్నాను.

"టేకాకు రాలింది. దాని మీద అడుగేస్తే అప్పడం ఇరిగినట్టే. ఇసుక మాట్లాడదు." కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. "ఇది సర్కారు అడివి. అందరు వస్తరు. అందరు బండ్ల బాటనే వస్తరు. దుప్పికి గది తెల్సు. మనిషి యాడ అలిసిపోయి వెనకకు మర్లుతడో, దుప్పి ఆడ మొదలైతది."

నేను అలిసిపోయిన చోటు దాటి ఇంకా చాలా దూరం నడిచాం. వాగు వంపులో ఇసుకను చేతులతో తోడి ఆయన చేసిన చెలిమె ఉంది. అడుగున బొక్కెడు నీళ్లు. ప్రతి ఎండాకాలం ఆయనే తోడేవాడట. చెలిమెకు ఎదురుగా కూర్చుంటామనుకున్నాను. ఆయన నడుముకు కట్టుకున్న మూట విప్పి చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య నుంచి జారవిడిచాడు. బూడిద పొగలాగా మా ఎడమ పక్కకు పోయింది. అది పోయిన దిక్కుకే చుట్టు తిరిగి పోయి, ఒక నల్లమద్ది మొదలుకు ఆనుకుని కూర్చున్నాం. గొంగడి ఇద్దరి మీదా కప్పాడు.

"వేటకైతే గాలి పోయే దిక్కు కూసోవాలె" అన్నాడు గుసగుసగా. "వాని వాసన మనకు రావాలె. మన వాసన వానికి పోవద్దు."

ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. మొదట కాళ్లు నొప్పి పుట్టాయి. తర్వాత దోమలు. ఆ తర్వాత అవేవీ లేవు. ఇప్పచెట్టు మీద కొండముచ్చులు పూలు తింటూ సగం రాలుస్తున్నాయి. పువ్వు నేల మీద పడ్డ చప్పుడు కూడా వినిపించింది. చిన్నాయన నా చేతిని మెల్లగా నొక్కాడు.

ముందు ఒక పెంటి దుప్పి. తర్వాత రెండు. ఎండిన అడవి రంగే వాటి రంగు. చుక్కలు కదిలితే గాని దుప్పి ఉన్నట్టు తెలియదు. ఇప్పపూలు ఏరుకుంటూ మా దిక్కే వచ్చాయి. ఒకటి ఎంత దగ్గరికి వచ్చిందంటే, అది పువ్వు నమిలే తడి చప్పుడు విన్నాను. కంటి రెప్పల వెంట్రుకలు చూశాను. ఆ కంట్లో చెట్టు మొదలు కనిపించింది. ఆ మొదలు దగ్గర మేం కూడా ఉండి ఉంటాం.

నా ఒళ్లు జలదరించింది. భయం కాదు. గర్భగుడిలో తెర తీసిన క్షణంలో ఒళ్లు ఎట్లా అవుతుందో అట్లా అయింది. ఆ పొద్దు దీపం పెట్టలేదన్న దిగులు ఎటు పోయిందో తెలియదు. గొంగడి కింద చిన్నాయన వేలు నేలకు తాకింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "ఏం కొట్టుకొచ్చిన్రు? నీళ్లు పొయ్యి మీద పెట్టాల్నా?"

"కొట్టిన" అన్నాడు చిన్నాయన. "గాని దానికి ఎరుక కాలే. మేసుకుంట పోయింది."

ఆ మాట మా ఇంట్లో పాతబడిపోయేంతగా విన్నాం. ఒకసారి ఫారెస్టు బీటు సారు ఆయన్ను వాగు కాడ పట్టుకున్నాడట. ఖాళీ చేతులు చూసి నవ్వి, "ఏం తాతా, దొరికిందా?" అన్నాడట.

"దొరికింది సారూ, ఇడిచిపెట్టిన."

"యాడ ఇడిచిపెట్టినవ్?"

"ఉన్న కాడనే."

నాకు పెళ్లై వనపర్తి వచ్చాక ఆ వేటకు మళ్లీ పోలేదు. ఊరికి పోయినప్పుడల్లా ఆయన నడుముకు బూడిద మూట ఉందా అని చూసేదాన్ని. ఉండేది.

మా తమ్ముడు పెద్దవాడై అడవి పక్క చేను చేతికి తీసుకున్నాక కష్టం మొదలైంది. యాసంగిలో, అంటే చలికాలపు పంటకు, వాడు పల్లి వేస్తాడు. కాయ ఊరే రోజులు, అడవి ఎండే రోజులు ఒకటే. లోపల పచ్చగడ్డి పోచ ఉండదు. గట్టు ఇవతల చేనంతా పచ్చగా ఉంటుంది. దుప్పి తప్పు లేదు, తమ్ముని తప్పు లేదు. ఒక్క రాత్రిలో మంద పడితే ఏడాది కష్టం నేల పాలు.

ఊరివాళ్లు చేను చుట్టూ పాత చీరలు కడతారు. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లుతారు. కొంతమంది రహస్యంగా కరెంటు తీగ గుంజుతారు. ఆ తీగకు పడేవి పందులు, దుప్పులే కాదు. పొద్దున్నే మరిచిపోయి గట్టు దాటిన మనుషులూ పడ్డారు. తమ్ముడు కూడా ఒక ఏడు తీగ చుట్ట కొనుక్కొచ్చి కొట్టంలో పెట్టాడు.

చిన్నాయన దాన్ని చూశాడు. ఆయన కోపం నేను చూసింది అప్పుడొక్కసారే. అది కూడా గొంతు పెంచని కోపం.

"ఇది యేందిరా?"

"పంట పోతుంటే సూసుకుంట కూసోమంటవా చిన్నాయనా? నీకు దుప్పులు కావాలె. నాకు పిల్లలున్నరు."

"దుప్పిని సంపద్దని నేననలే. నేను సంపినోన్నే. గాని తీగ పెట్టి ఇంట్ల పండుకునేది వేట గాదు, కావలి గాదు. సంపేటోడు గూడ ఆడ ఉండాలె. సూడాలె."

"అయితే నువ్వే ఉండు."

తమ్ముడు పుల్లవిరుపుగా అన్న మాట అది. చిన్నాయన మరుసటి రోజు నుంచి నిజంగానే ఉన్నాడు. గట్టు మీద మంచె కట్టుకుని, గొంగడి భుజాన వేసుకుని చేనుకు పోయాడు. అప్పటి నుంచి ప్రతి యాసంగి అంతే. కేక వేయడు, డబ్బా కొట్టడు, టార్చి వేయడు. ఊరికే కూర్చుంటాడు. కాని మా చేనులో మంద పడలేదు.

"ఏం మంత్రం వేసినవ్ చిన్నాయనా?" అని అడిగాను ఒకసారి.

"మంత్రం ఏంది బిడ్డా. వేటకు గాలి పోయే దిక్కు కూసుంటిమి గద. కావలికి గాలి వచ్చే దిక్కు కూసోవాలె. నా వాసన నాకంటె ముంగట పోయి వాటికి చెప్తది. వాటికి నా మొఖం తెల్వదు. వాసన తెల్సు. గాలి మారితే మంచె దిగి అటుపక్క కూసుంట. గంతే."

ఇన్నేళ్లు దుప్పికి దగ్గర కావడానికి నేర్చుకున్నదాన్నే ముసలితనంలో తిరగేసి, దూరంగా నిలపడానికి వాడాడు. నేను రోజూ చదువుకునే స్తోత్రాలలో దేవుడు సర్వవ్యాపి అని ఉంటుంది. ఆ మాట చదివినప్పుడు నాకు చేను మీదుగా అడవిలోకి పోతున్న గాలి గుర్తుకు వచ్చేది. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఈ యాసంగిలో ఆయనకు దమ్ము ఎక్కువైంది. పోవడానికి వారం ముందు మంచె మీదనే ఊపిరి అందలేదు. తమ్ముడు బండి మీద కూర్చోబెట్టుకుని అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయాడు. మందులిచ్చి ఇంటికి పంపారు. నేను పోయి చూసి వచ్చాను. మంచంలో కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదు. నన్ను చూసి మొదట అడిగింది, "చేన్ల ఎవలున్నరు?" అని. తమ్ముడు ఉన్నాడని అబద్ధం చెప్పాను. తమ్ముడు ఆయన పక్కనే ఉన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వి, దగ్గి, "పొగ ఎటు పోతుంది?" అన్నాడు. చిన్నమ్మ పొయ్యి పొగ చూసి చెప్పాను. తల ఊపాడు. అదే చివరి మాట నాతో.

ఆయన పోయిన రోజు నేను ఊరు చేరేసరికి అన్నీ సిద్ధం చేశారు. పొద్దు వాలకముందే అంతా అయిపోయింది. స్నానాలు చేసి వాకిట్లో కూర్చున్నాం. తమ్ముడు నా పక్కకు వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచి ఉన్నాయి.

"అక్కా, గిప్పుడు అనద్దు గాని, పంట పీకనీకి ఇంగ జర దినాలే ఉంది. వారం నుంచి చేన్ల మనిషి లేడు. ఏం మిగిలిందో తెల్వదు. మిగిలింది గూడ పోతే నేను లేవలేను. రేపటి నుంచి తీగ గుంజుత. నువ్వు వద్దనకు."

వాడు నన్ను అడగడం లేదు, నా చేత ఊఁ అనిపించుకోవాలని చూస్తున్నాడు. పెద్దక్క ఊఁ అంటే చిన్నాయన అన్నట్టే వాడికి.

అప్పుడే చిన్నమ్మ ఇంట్లో నుంచి బట్టల మూట తెచ్చింది. మా దిక్కు పోయినవాళ్లు కట్టినవి, కప్పుకున్నవి ఇంట్లో ఉంచరు. ఆమె ధోవతులు, అంగీలు, రుమాలు ఒక్కొక్కటే చూసుకుని, "గొంగడి ఏది?" అంది.

మంచె మీదనే ఉండిపోయింది. దవాఖానకు పోయే తొందరలో ఎవరూ తేలేదు. "పోయి తెండి, పొద్దు పోకముందు" అంది చిన్నమ్మ. తమ్ముడూ నేనూ లేచాం.

తొవ్వ పొడుగునా వాడు తల దించుకునే నడిచాడు. మా చేనుకు ముందు వేరేవాళ్ల చేను వస్తుంది. చుట్టూ రంగురంగుల చీరలు గాలికి ఊగుతున్నాయి. లోపల సగం పల్లి పెరికేసి ఉంది. ఆకు మేసి, కాయ తొక్కి, మన్ను తిరగబడి ఉంది. తమ్ముడు అక్కడే ఆగిపోయాడు. "ఇగ మనది సూడనవసరం లేదక్కా" అన్నాడు. చేయి పట్టుకుని నడిపించాను.

మా చేను మా చేనులాగే ఉంది. ఒక్క మొక్క కదలలేదు.

ఇద్దరం గట్టు మీద నిలబడిపోయాం. కొంచెంసేపటికి తమ్ముడు అడవి వైపు దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని దుమ్ములోకి చూశాడు.

"అక్కా, గిటు రా."

డెక్కల గుర్తులు. ఒకటి రెండు కాదు, మంద. అడవిలో నుంచి నేరుగా చేను దిక్కు వచ్చాయి. గట్టు ఇంకా కొంత దూరం ఉండగానే ఆగాయి. అక్కడ దుమ్మంతా తొక్కి ఉంది. ఆ తర్వాత గుర్తులన్నీ వెనక్కే.

"ముందటి కాళ్లు లోతుగ దిగినయ్, సూడు. నడిచేటియి నడిచేటియే ఆగినయ్" అన్నాడు తమ్ముడు. మాట అని, తనకు అది చదవడం వచ్చని తనకే అప్పుడు తెలిసినట్టు నా మొహంలోకి చూశాడు.

మంచె గుంజకు గొంగడి వేలాడుతోంది. ఆయన ఎట్లా వేశాడో అట్లాగే. ఊరి వైపు నుంచి వచ్చే గాలి దాన్ని తాకి అడవిలోకి పోతోంది. దగ్గరికి పోయి మొహం ఆనించాను. గొర్రె బొచ్చు, బీడీ పొగ, చెమట, బూడిద. చిన్నాయన ఉన్నాడు. నా ఒళ్లు జలదరించింది. వాగు వంపులో నల్లమద్ది కింద జలదరించినట్టే. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"తీస్కపోదామా అక్కా?"

"ఉండనీ."

ఇంటికి వచ్చాక చిన్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బట్టల మూట మీద చేయి వేసి కూర్చుంది.

"బతికినన్ని దినాలు యాసంగొస్తే ఇంట్ల పండలే" అంది. "పోయినంక గూడ చేన్లనే ఉంటడంటవా?" నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "పెద్దబిడ్డా, నీకు శాస్త్రం తెల్సు. పోయినోళ్లది గట్ల ఉంచొచ్చునా?"

ఉంచకూడదు. నాకు తెలుసు. నా జీవితంలో ఇట్లాంటివి నేనే పది మందికి చెప్పాను. "పంట ఇంటికొచ్చిందాక ఉండనీ చిన్నమ్మా" అన్నాను. "దోషముంటే నా మీదికి రానీ. నేను మొక్కుకుంట."

"వాసన ఎన్ని దినాలుంటది?" అన్నాడు తమ్ముడు.

"వాన పడిందాక ఉంటది. అప్పటికి నీ పల్లి ఇంటికొస్తది."

"గాలి మారితే?"

"మారితే గొంగడిని అటు జరపాలె. అందుకు నువ్వుండాలె."

వాడు లేచి కొట్టంలోకి పోయి తీగ చుట్ట తెచ్చి చిన్నమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. "చిక్కుడు పందిరికి పనికొస్తది" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అనుకున్నది ఇంతే. పంట వచ్చేదాకా గొంగడి మంచె మీదనే ఉంటుంది. తమ్ముడు దాని పక్కన కూర్చుంటాడు. ఇంట్లో తీగ అన్న మాట ఎవరూ ఎత్తరు. పంట వచ్చాక నేను వచ్చి గొంగడిని తీసుకుపోయి కృష్ణలో విడుస్తాను.

తమ్ముడు చేనుకు బయలుదేరుతుంటే చిన్నమ్మ ఆగమంది. ఆ రోజు మా ఇంట్లో మళ్లీ పొయ్యి వెలగలేదు. పొద్దున చాయ్ కోసం ముట్టించిన పొయ్యిలో బూడిద అట్లాగే ఉంది. ఆమె వంగి పిడికెడు తీసి వాడి చేతిలో పోసింది. వాడు వాకిలి నడుమ నిలబడి, వేళ్లు కొంచెం వదులు చేశాడు. బూడిద నేలకు రాలలేదు. సన్నగా, తెల్లగా లేచి, మా గోడ దాటి, అడవి దిక్కే పోయింది.